పింజరా బరువు

2023 ఏప్రిల్ 24, సోమవారం

ఈ డైరీ బ్యాటరీ కంపెనీవాళ్లు జనవరిలో ఇచ్చారు. ఇన్నాళ్లూ షాపు సొరుగులో నట్ల డబ్బా కింద పడి ఉంది. రంజాన్ పండుగ వెళ్లి రెండు రోజులైనా మనసు కుదురుగా లేదు, అందుకే తీశాను. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూయే గానీ నేను చదివింది తెలుగు మీడియం. నా భార్య కౌసర్‌కు తెలుగు చదవడం రాదు. కాబట్టి ఇందులో ఏం రాసుకున్నా ఫికర్ లేదు.

బుష్రా ముందు ఫారం నింపింది, తర్వాత నాకు చూపించింది. నా బిడ్డ పద్ధతే అంత. వచ్చే నెల పద్నాలుగున కోయిలకొండ దిక్కు రాళ్ల గుట్టల్లో జీపుల పోటీ ఉందట. దారి లేని చోట బండి ఎక్కించాలి, దించాలి. చిన్న బండ్లలో మొదట వచ్చినవాళ్లను షాద్‌నగర్ దగ్గరి డ్రైవింగ్ స్కూలువాళ్లు ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఆటోమొబైల్ డిప్లొమా చేసిన పిల్ల రెండేళ్లుగా మహబూబ్‌నగర్ షోరూంలో కూర్చుని కాగితాలు రాస్తోంది. బండి తాళం మాత్రం చేతికివ్వరు. ఆడపిల్లవు, గీతలు పడతాయంటారు.

"అబ్బా, మన జీపు పద్నాలుగు నూర్ల కిలోల లోపల ఉండాలె. ఒక్క కిలో ఎక్కువున్నా పెద్ద బండ్లల్ల కలుపుతరు. వాటి ముందర మనది ఏడ నిలుస్తది?" అంది బుష్రా.

"అమ్మీ ఏమన్నది?"

"పింజరా ఉన్నదంటేనే ఒప్పుకున్నది."

పింజరా అంటే జీపు లోపల మనుషుల చుట్టూ నేను కట్టిన పైపుల గూడు. బండి పల్టీ కొట్టినా లోపలివాళ్లు నలగకూడదని మందపాటి పైపు వెతికి తెచ్చి కట్టాను. కొత్తకోటలోని నా షాపు నుంచి కర్నూలు దాకా ఈ ముజఫ్ఫర్ వెల్డింగు ఊడిందన్నవాడు ఇంతవరకు లేడు. కౌసర్ ధైర్యమంతా అదే.

సాయంత్రం ఆత్మకూరు రోడ్డు మీది వడ్ల మిల్లు కాంటా ఎక్కించాం. 1,540 కిలోలు. నూట నలభై తగ్గాలి, ఇరవై రోజుల్లో.

ఏప్రిల్ 27, గురువారం

ముందర ఉన్న ఇనుప బంపర్ తీసేశాను. దున్నపోతు గుద్దినా వంగనిది, నా చేత్తో చేసినది. కోసేటప్పుడు బాధ కలిగింది, దాచుకోవడం దేనికి. వెనక బెంచీ, వెనక తలుపు, స్టెప్నీ స్టాండు కూడా పోయాయి. అన్నిటినీ చోటే మియా పాత ఇనుప సామాను దుకాణంలో తూకం వేయించాను. 84 కిలోలు.

రెండు రోజులుగా కాలంగాని వాన. మిల్లు ముందర తడిసిన వడ్ల ట్రాలీలు బారులు తీరి ఉన్నాయి. కాంటా పలక మీద టైర్ల మట్టి పెచ్చులు కట్టింది. ఆపరేటర్ తెలిసినవాడు కాబట్టి సందు చూసి మా జీపును ఎక్కించాడు. 1,490.

బుష్రా నోరు తెరిచింది. "గదేంది? ఎనభై నాలుగు కిలోలు తీస్తే యాభయ్యే తగ్గుడేంది?"

"పాత ఇనుము కొనేటోని తరాజు ఎవడన్న నమ్ముతడా? ఇది ధర్మకాంటా. పేర్లనే ధర్మమున్నది."

అక్కడితో ఆగితే బాగుండేది. తిరిగి వచ్చేటప్పుడు దుకాణం ముందు ఆగి, నలుగురూ వింటుండగా చోటే మియాతో కూడా అదే మాట అన్నాను. అతను తరాజు రాళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "ముజఫ్ఫర్ భాయ్, నేను తక్కువ చూపిస్తే దొంగ అను. ఎక్కువ చూపిస్తే కొనేటోనికి నాకేం లాభం?"

అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మే 1, సోమవారం

తలుపులు రెండూ తీశాం. అద్దాలు తీశాం. బుష్రా డ్రిల్లు పట్టుకుని నేల రేకులకు, సీటు ఫ్రేముకు రంధ్రాలు పెట్టి జల్లెడ చేసింది. ఆమెకు తోడుగా బండిలో కూర్చోబోయే అక్షిత, పాలిటెక్నిక్‌లో తనతో చదివిన పిల్ల, పొద్దంతా ఆ రంధ్రాల అంచులు ఆకురాయితో అరగదీసింది. ఇద్దరి మొహాలూ ఇనుప పొడితో నల్లబడ్డాయి. ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూనే ఉన్నారు.

మిల్లు కాంటా మీద 1,430.

ఇంకా ముప్పై. తీయడానికి ఇక ఏమీ లేదు. బుష్రా జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి, పింజరా ముందు ఆగింది.

"గిది ఎంత బరువుంటది అబ్బా?"

"దాని దిక్కు చూడకు!"

గట్టిగా అరిచాను. పక్క టీకొట్టువాడు కూడా తిరిగి చూశాడు.

"ఉత్తగ అడిగిన" అంది బుష్రా చిన్నగా.

మే 3, బుధవారం

ముప్పై.

మే 5, శుక్రవారం

అన్నం దగ్గర కౌసర్ నవ్వుతూ అంది. "బండితోని మీ బిడ్డ గూడ సగమైతాంది. చూడండి, రెండు ముద్దలు తిని లేస్తాంది." బండి తూకంలో డ్రైవర్ బరువు లెక్కలోకి రాదని చెప్పాను. బుష్రా మాత్రం నవ్వలేదు. కంచం ముందు నుంచి లేవకుండానే చెప్పింది.

"షోరూంల చెప్పేసిన. ఈ నెలాఖరుకు మానేస్తనని."

"పోటీ కాకముందే?"

"అయినంక చెప్తే వాళ్లు నవ్వుతరు అబ్బా. ముందే చెప్తే నాకు వెనుకకు పోయే తొవ్వ ఉండదు."

పిల్ల నా మీద, నా జీపు మీద నమ్మకంతో ఉన్న పని వదిలేసుకుంది. ఆ ముప్పై కిలోలు ఇప్పుడు నా మెడ మీద ఉన్నాయి.

మే 7, ఆదివారం

చేసేశాను.

పొద్దున బుష్రా, అక్షిత డాక్టర్ సర్టిఫికెట్ కోసం మహబూబ్‌నగర్ బస్సెక్కారు. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి షట్టర్ సగం దించాను. పింజరాలో వెనక కాళ్లు రెండు, అడ్డ పైపులు రెండు, నడినెత్తి మీదివి రెండు, మొత్తం ఆరు కోసేశాను. వాటి స్థానంలో కుర్చీలకు వాడే పైపు పెట్టాను. లావు అంతే, చూడటానికి తేడా లేదు. గోడ మందం మాత్రం రేకంత. వెల్డింగు పెడుతుంటే రెండు చోట్ల కాలి రంధ్రం పడింది. కరెంటు తగ్గించి, ముక్క అతికించి, గ్రైండరుతో నునుపు చేసి నల్ల రంగు కొట్టాను. కోసిన పైపులు చోటే మియా దుకాణం వెనక పడేసి వచ్చాను. అతను లోపల ఉన్నాడో లేడో చూడలేదు.

మిల్లు కాంటా మీద సరిగ్గా 1,400.

బుష్రా తిరిగి వచ్చి చీటీ చూసి కుర్చీ ఎక్కి గంతులేసింది. "ఏం తీసినవ్ అబ్బా?"

"ఆడొకటి ఈడొకటి. గేర్ బాక్సు కింద రేకు, గట్ల."

"జాదూ చేసినవ్!"

మే 8, సోమవారం

ఆ పైపుతో ఎన్ని కుర్చీలు చేశాను! ఫంక్షన్ హాళ్లలో ఎంత లావుపాటివాళ్లు కూర్చుంటారు వాటి మీద! ఒక్కటి విరిగిందా? ముందరి సగం పింజరా పాతదే ఉంది. అసలు బుష్రా బండి పల్టీ కొట్టదు. పన్నెండేళ్లప్పుడే ట్రాక్టరు నడిపింది. పల్టీ కొడితే కదా పింజరాతో పని. కొట్టదు.

ఏమీ కాదు.

మే 10, బుధవారం

ఊరవతల ఎండిన వాగులో ప్రాక్టీసుకు వెళ్లాం. బండి తేలిగ్గా ఎక్కుతోంది, నిజమే. మొన్నటిదాకా ముక్కుతూ మూలిగిన గట్టును ఒక్క ఊపులో దాటింది. దిగి వచ్చి బుష్రా పింజరా వెనక కాలికి ఆనుకుని నిలబడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతి ఉంగరంతో పైపు మీద టక్ టక్ కొట్టింది. ఊరికే, తాళం వేస్తున్నట్టు.

ఆ చప్పుడు నాకు వినపడింది. డొల్ల చప్పుడు.

"ఆ కొట్టుడేంది? రంగు పోతది!" అన్నాను.

ఇద్దరూ నా మొహం వంక చూశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే ఆ రంగు ఎక్కడ కొన్నానో, ఎంత మంచి రంగో చెప్పుకుంటూ పోయాను. అక్షిత పాపం తల ఊపుతూ విన్నది. ఆ పిల్లకు తండ్రి లేడు. తల్లి సావిత్రమ్మ అంగన్‌వాడీలో పనిచేస్తుంది. మొన్న షాపుకు వచ్చి, "అన్నా, మీ పింజరా ఉన్నదని పంపిస్తున్న" అని చెప్పి వెళ్లింది. మా ఇంట్లో ఒక తల్లి చాలదన్నట్టు.

మే 12, శుక్రవారం

పొద్దున జీపును డీసీఎం లారీ మీద ఎక్కించి పిల్లలిద్దరూ కోయిలకొండ వెళ్లిపోయారు. రేపు పొద్దున అక్కడ తూకం, తనిఖీ. ఎల్లుండి పోటీ.

జుమ్మా నమాజు అయ్యాక లింగస్వామి ట్రాక్టరు ట్రాలీ కొక్కెం విరిగిందని వచ్చాడు. వెల్డింగు పెడుతుంటే, మిల్లులో వడ్లు దించి వస్తున్నానని, మళ్లీ రెండు సంచుల వడ్లు మాయమయ్యాయని తిట్టుకుంటూ కూర్చున్నాడు.

"మాయమెట్లయితయి? కాంటా మీద చూస్తవు కదా?" అన్నాను.

"నీకు తెల్వదా మామా? నిండు ట్రాలీ ఎక్కేముందు ఆపరేటర్ కాంటా మీటర్ మీద సున్నా నొక్కుతడు. ఖాళీ ట్రాలీ ఎక్కేటప్పుడు నొక్కడు. పలక మీది మట్టి, తడి, వాని కాలు, అంతా మన ఖాళీ బండి బరువుల కలుస్తది. ఖాళీ బండి బరువెక్కితే వడ్లు తగ్గినట్టే కదా. యాభై కిలోలు, అరవై కిలోలు. ఆ కాంటా మీద ఖాళీ బండి ఎప్పుడన్న సక్కగ తూగిందా? గీ దిక్కు రైతులందరికి ఎరుకే."

రైతులందరికీ ఎరుకే. నాకు గుంటెడు పొలం లేదు. ఆ కాంటా మీద గింజ తూచలేదు నేను ఏనాడూ. నా జీపు మాత్రం ఖాళీ బండే. ఎక్కించిన ప్రతిసారీ ఖాళీయే.

వెల్డింగు సగంలో ఆపేశాను. "ఏమైంది మామా?" అన్నాడు లింగస్వామి. కళ్లకు మెరుపు కొట్టిందన్నాను.

మొదటిసారి తూచినప్పుడు వాన లేదు, పలక మీద మట్టి లేదు, అందుకే తర్వాత ఎనభై నాలుగు తీసినా యాభయ్యే తగ్గినట్టు కనిపించింది. కాంటా ఎక్కువ చూపిన ఆ యాభై కిలోలు ఎప్పుడూ లేవు. మే ఒకటినే జీపు పద్నాలుగు నూర్లకు లోపల ఉంది. లేని బరువు తీయడానికి నా పిల్ల వెనక నుంచి ఆరు పైపులు పీకాను.

షాపు మూసి చోటే మియా దగ్గరికి పరుగెత్తాను. ఎనభై నాలుగంటే ఎనభై నాలుగే, నీ తరాజు నిజమే అని చెప్పాను. అతను నవ్వలేదు, కోప్పడలేదు. దుకాణం వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. ఆరు పైపులూ ఒక పక్కన, సైజు వారీగా పెట్టి ఉన్నాయి.

"గివి పింజరావి కదా భాయ్. నాకు చూడంగనే సమజైంది, అందుకే ముట్టలే. బిడ్డకు చెప్పినవా?"

"చెప్పిన."

ఇంటికి వచ్చి బుష్రాకు ఫోన్ చేశాను. గుట్టల్లో సిగ్నల్ లేదు.

మే 13, శనివారం, పొద్దున

నిన్న రాసింది అబద్ధం. నేను ఫోన్ చేయలేదు. బుష్రా పేరు తెరిచి, మళ్లీ మూశాను. ఎవరూ చదవని డైరీలో నాకు నేనే అబద్ధం రాసుకునేదాకా వచ్చాను.

నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. చెప్తే బండి తనిఖీలో పోతుంది, ఉన్న ఉద్యోగం పోయింది, కొత్తది పోతుంది, నా మీద నమ్మకం పోతుంది. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు. ఆ "పోవచ్చు" దగ్గరే ఆగిపోతున్నాను. కాకపోవచ్చు అని ఎవరి పిల్లను ఎక్కిస్తున్నాను? నా పిల్లను, సావిత్రమ్మ పిల్లను.

ఫజర్ నమాజు చదివాను. వెళ్తున్నాను.

మే 13, సాయంత్రం, కోయిలకొండ దగ్గర

చోటే మియా ట్రాలీ ఆటో తీసి సిద్ధంగా ఉన్నాడు. పైపులు అప్పటికే ఎక్కించి తాళ్లతో కట్టాడు. "చెప్పలేదు" అన్నాను. "ఎరుకే, కూసో" అన్నాడు. దారి పొడుగునా ప్రతి గుంతకూ వెనక పైపులు గల్లుమన్నాయి.

మేం చేరేసరికి జీపు మీద తనిఖీ పాసైన స్టిక్కరు అంటించి ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పాపం తనిఖీ చేసినాయన ఏం పడతాడు? బుష్రా పరుగెత్తుకొచ్చింది.

"అబ్బా! పదమూడు వందల యాభై! ఇంక యాభై జాగా ఉన్నది మనకు! ఆ మిల్లు కాంటా..."

ఆటోలో పైపులు చూసింది. మాట ఆగింది. వాటి చివర్లు చూసింది. నేను కోసిన చోట్లు మెరుస్తున్నాయి. తర్వాత జీపు దగ్గరికి నడిచి, పింజరా ముందరి కాలిని ఒకసారి, వెనక కాలిని ఒకసారి వేళ్ల కణుపులతో కొట్టింది.

"ఎన్ని?"

"ఆరు."

"ఎప్పుడు?"

"మీరు మహబూబ్‌నగర్ పోయిన్నాడు. ముప్పై కిలోలకు వేరే దారి దొరకలే బిడ్డా. నువ్వు పని గూడ వదిలేసినవు. ఆ కాంటా తప్పని తెల్వకపాయె..."

"కాంటా సంగతి అడుగుతలేను."

తిడితే బాగుండేది. "అక్షితకు నేను చెప్ప. నువ్వే చెప్పు" అంది.

చెప్పాను. ఆ పిల్ల నీళ్ల సీసా పట్టుకుని విన్నది. "మా అమ్మకైతే చెప్పకండి అంకుల్" అన్నది. నన్ను కాపాడుతోందో, తల్లిని కాపాడుతోందో తెలియలేదు. ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

బుష్రా తనిఖీ చేసిన రాజేశ్ సారును పిలుచుకొచ్చింది. "సార్, మా పింజరా ఖరాబున్నది. స్టిక్కర్ తీసెయ్యండి" అంది. ఆయన బిత్తరపోయాడు. ముప్పై బండ్లు చూశాను, తమ బండి బాగాలేదని చెప్పింది నువ్వొక్కదానివేనమ్మా అన్నాడు. సాయంత్రం ఆరింటిలోపు సరిచేసి చూపిస్తే మళ్లీ అంటిస్తానన్నాడు. వాళ్ల జనరేటరు, వెల్డింగు మిషను వాడుకోనిచ్చాడు.

నేను హోల్డరు అందుకోబోయాను. బుష్రా ముందే తీసుకుంది.

"నేను పెడత. నువ్వు పైపు పట్టుకో. కదలనియ్యకు."

ముప్పై ఏళ్ల మిస్త్రీని నేను. పైపు పట్టుకుని నిలబడ్డాను. ఆమె వెల్డింగు వంకర టింకరగా ఉంటుంది, కోడి గీకినట్టు. ఇన్నాళ్లూ షాపులో ఆమె పెట్టిన ప్రతి అతుకు మీదా నేను వెనక నుంచి ఇంకోటి పెట్టేవాణ్ని. ఈరోజు పెట్టలేదు. ఎండకు పైపులు కాలిపోతున్నాయి, చోటే మియా తడిగుడ్డలు తెచ్చి ఇస్తున్నాడు. ఐదున్నరకు అయింది. కాంటా మీద 1,380. రాజేశ్ సారు ఈసారి సుత్తితో ప్రతి పైపునూ కొట్టి చూసి స్టిక్కరు అంటించాడు.

మిషను, హోల్డరు బుష్రాయే మోసుకెళ్లి ఇచ్చి వచ్చింది, నన్ను ముట్టనివ్వలేదు.

మే 14, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పదకొండో బండి మాది. మొదటి బండరాయి ఎక్కింది, రెండోది దిగింది. జనం ఈలలు వేశారు. అప్పటిదాకా అందరికంటే తక్కువ టైము మాదే. మూడో దాని మీద ఎడమ చక్రం కింద రాయి కదిలింది. జీపు మెల్లగా వాలింది. ఎంత మెల్లగా అంటే నేను "యా అల్లా" అని మొత్తం అనగలిగాను. వాలి, పక్కకు పడి, వెల్లకిలా తిరిగి, వెనక మూల మీద కిందికి జారి ఆగింది. నేను కోసిన మూల.

దుమ్ము. తర్వాత అక్షిత గొంతు, తర్వాత బుష్రా గొంతు. ఇద్దరూ బెల్టులు విప్పుకుని పాక్కుంటూ బయటికి వచ్చారు. అక్షిత మోచెయ్యి గీసుకుపోయింది. బుష్రాకు దెబ్బే లేదు. నేను నడిచానో, పరుగెత్తానో గుర్తు లేదు. ఆమెను పట్టుకుంటే నన్ను పట్టుకుంది, నిన్నటి నుంచి మొదటిసారి. చోటే మియా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

జీపును లేపాక చూశాను. వెనక కాలు వేలెడంత వంగింది. అతుకు ఊడలేదు. ఆ కోడి గీతల అతుకు. దాని మీద చెయ్యి పెట్టాను, వేడిగా ఉంది.

నిన్న పొద్దున నేను బయలుదేరకపోతే, అక్కడ నా కుర్చీ పైపు

రాయలేను.

మొదటి స్థానం నల్గొండ నుంచి వచ్చిన అబ్బాయికి వచ్చింది. షాద్‌నగర్ ఉద్యోగం కూడా అతనికే.

మే 15, సోమవారం

షోరూంవాళ్లు బుష్రా స్థానంలో వేరే వాళ్లను మాట్లాడుకున్నారట. రాజేశ్ సారు ఆమె నంబరు రాసుకున్నాడు గానీ, ఎందుకో చెప్పలేదు, మేం అడగలేదు. బుష్రా పొద్దున్నే షాపుకు వచ్చి నా వెల్డింగు హెల్మెట్ పక్కన ఇంకో మేకు కొట్టి తన హెల్మెట్ తగిలించింది. "నెలాఖరు నుంచి ఈడనే చేస్త" అంది. ఇక నా అతుకులు ఆమె చూస్తుందట, ఆమె అతుకులు నేను చూడాలట. మంచిదన్నాను.

పల్టీ సంగతి కౌసర్‌కు ఎవరో వీడియో చూపించారు. మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. కూతుర్ని తల నుంచి కాళ్ల దాకా తడిమి, తిట్టి, ముద్దులు పెట్టుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ తీసుకుని కళ్లకు అద్దుకుంది.

"ఈ చేతులే నా బిడ్డను కాపాడినయి. మీ పింజరా లేకుంటే ఏమైతుండె? అల్లా ఈ చేతులను సల్లగ సూడాలె."

బుష్రా తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. చెప్పమనలేదు, వద్దనలేదు. ఆ పిల్ల నన్ను జీవితాంతం కాపాడుతుందని, ఎవరికీ చెప్పదని నాకు అర్థమైంది. అదే తట్టుకోలేకపోయాను.

"కౌసర్, ఆ పైపులు నేను వెయ్యలే. నేను కోసిన" అన్నాను.

కౌసర్‌కు అర్థం కాలేదు. నా చేతులు వదలకుండా నవ్వుతూనే, "ఏమంటున్నరు?" అంది. నేను మళ్లీ చెప్పాను.